లినక్స్‌లో యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్: లైటు వెలుగుతుంది, డిస్కు రాదు, పెళ్లి సీడీ కాపీ కాదు

అడిగిన సంగతి ఇది. కోనసీమలో ఒక ఇల్లు. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకున్నారు. అందులో డిస్కు పెట్టే చోటు లేదు కాబట్టి యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ కొన్నారు. చూడాల్సినవి 2003 నాటి పెళ్లి సీడీలు మూడు, ఆ తర్వాతి ఓణీల ఫంక్షన్ డీవీడీ ఒకటి. డ్రైవ్ తగిలిస్తే లైటు వెలుగుతుంది, లోపల టిక్కు టిక్కుమంటుంది, తెరమీద ఏమీ రాదు. ఒక్కోసారి సీడీ కనపడినా ఫైలు కాపీ చేయబోతే "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" అని ఆగిపోతుంది. డ్రైవర్ ఎలా ఎక్కించాలి?

డ్రైవర్ మాట మరిచిపోండి. పెట్టెలో వచ్చిన చిన్న సీడీ విండోస్ కోసం. యూఎస్‌బీ డిస్కు డ్రైవ్‌ను నడిపే భాగాలు లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌తోనే వస్తాయి. మింట్, ఉబుంటు, డెబియన్, ఫెడోరా దేంట్లోనైనా అవి ముందే ఉంటాయి, డ్రైవ్ తగిలించగానే వాటంతట అవే లోడవుతాయి. నెట్‌లో వెతికి డ్రైవర్ పేరుతో దొరికిన ప్రతిదీ ఎక్కించారంటే, పనిచేయని డ్రైవ్ ఎలాగూ పనిచేయదు, పనిచేస్తున్న మింట్ కూడా పాడవుతుంది.

మీరు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయండి. టిక్కు టిక్కుమనేది దాదాపుగా కరెంటు చాలక. కాపీ ఆగిపోయేది ఆ సీడీ మామూలు సీడీ కాకుండా వీసీడీ (వీడియో సీడీ) కావడం వల్ల. రెండింటినీ కలిపి చూస్తే ఏ మందూ పనిచేసినట్టు కనపడదు. అందుకని వరస తప్పకుండా చూడాలి: డ్రైవ్‌కు కరెంటు అందుతోందా, కంప్యూటర్ డ్రైవ్‌ను గుర్తుపట్టిందా, డ్రైవ్ డిస్కును చదువుతోందా, చదివినదాన్ని ఆడించే ప్లేయర్ ఉందా. ఎక్కడ ఆగిందో తేలేదాకా కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి.

కరెంటు సంగతి

డ్రైవ్‌ను తిరగేసి కింద అంటించిన లేబుల్ చదవండి. 5 వోల్టులు, పక్కన 1 ఆంపియరో అంతకన్నా ఎక్కువో రాసి ఉంటుంది. ఇప్పుడు పోర్టు ఎంత ఇస్తుందో చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900. డిస్కు లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు డ్రైవ్‌కు ఇది సరిపోతుంది, అందుకే లైటు వెలుగుతుంది. డిస్కు పెట్టి మూత వేయగానే మోటారు దాన్ని తిప్పడం మొదలెట్టాలి, లేజర్ తల ముందుకూ వెనక్కూ జరగాలి. ఆ కొద్ది సెకన్లలో ఎక్కువ కరెంటు లాగుతుంది. అది అందకపోతే వోల్టేజీ దిగి డ్రైవ్ ఆగి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. మీకు వినపడే టిక్కు టిక్కు అదే.

ముందుగా ఖర్చు లేనివి చేయండి. ఎక్స్‌టెన్షన్ వైరు గానీ అడాప్టర్ లేని నాలుగు పోర్టుల హబ్ గానీ మధ్యలో ఉంటే తీసేయండి, సన్నటి వైరు పొడుగయ్యే కొద్దీ వోల్టేజీ పడిపోతుంది. ల్యాప్‌టాప్‌కు లోపల నీలం రంగు ఉన్న పోర్టు ఉంటే అది చాలావరకు 3.0, దానికే తగిలించండి. మౌస్ తప్ప మిగతా యూఎస్‌బీ సామాన్లు, ముఖ్యంగా ఛార్జింగ్‌కు పెట్టిన ఫోను, తీసేయండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు వద్దు, అవి లోపల సన్నటి వైరుతో బోర్డుకు కలిపి ఉంటాయి. వెనకవైపు బోర్డు మీదే ఉన్న పోర్టులు నయం.

వైరు కూడా అనుమానించాల్సిందే. ఫోను ఛార్జింగ్ కోసం అమ్మే చవక వైర్లలో కొన్నింటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అలాంటిది తగిలిస్తే లైటు వెలుగుతుంది, డిస్కు కూడా తిరుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం డ్రైవ్ ఉన్నట్టే తెలియదు. డ్రైవ్‌తో వచ్చిన వైరుతోనే పరీక్షించండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పిన్నులు నల్లబడటమో పచ్చగా తుప్పు పట్టడమో ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక రెండు మూడుసార్లు పెట్టి తీస్తే కాంటాక్టు తిరిగి కుదురుతుంది. వంటనూనె, కొబ్బరినూనె లాంటివి మాత్రం పూయకండి.

ఇవన్నీ చేసినా టిక్కుమంటే రెండు దార్లు. ఒకటి వై ఆకారపు వైరు: ఒక చివర డ్రైవ్‌కు, రెండో వైపు రెండు యూఎస్‌బీ తలలు. రెండింటినీ ల్యాప్‌టాప్‌కే రెండు పోర్టుల్లో పెట్టాలి. రెండోది, ఇదే మేలైనది, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్. అడాప్టర్ మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు లేదా అంతకు పైన ఉండాలి. అమలాపురం, భీమవరం, రాజమండ్రి కంప్యూటర్ షాపుల్లో అడిగేటప్పుడు "పవర్డ్ హబ్" అనండి. ఉత్త హబ్ అంటే అడాప్టర్ లేనిది ఇస్తారు.

ఒక హెచ్చరిక. కొన్ని డ్రైవ్‌లకు వెనక గుండ్రటి పవర్ సాకెట్ ఉంటుంది. ఇంట్లో ఉన్న సెట్‌టాప్ బాక్స్ అడాప్టరో వైఫై రౌటర్ అడాప్టరో అందులో చక్కగా దూరుతుంది. అవి ఎక్కువగా 9 లేదా 12 వోల్టులవి. ఒక్కసారి పెడితే డ్రైవ్ కాలిపోతుంది, కొన్నిసార్లు దాంతోపాటు యూఎస్‌బీ పోర్టూ పోతుంది. 5 వోల్టులని చదివాకే పెట్టండి. ఆక్వా చెరువుల్లో ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరిగే వేళ మీ ఊళ్లో వోల్టేజీ దిగుతుంటే, ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండా ఛార్జ్ చేసుకుని పని మొదలెట్టండి. పోర్టుకు వెళ్లే 5 వోల్టులు ల్యాప్‌టాప్ లోపలే తయారవుతాయి కాబట్టి బ్యాటరీ బాగుంటే బయటి ఒడిదుడుకులు డ్రైవ్‌కు తగలవు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి.

కంప్యూటర్ గుర్తుపట్టిందా

ఇక్కడ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరవాలి, భయపడక్కర్లేదు, అన్నీ చూసే కమాండ్లే, దేన్నీ చెరపవు. ఒకరు చదివి చెబుతుంటే ఇంకొకరు టైప్ చేసుకునేలా కమాండ్లను పలికే పద్ధతిలో రాస్తున్నాను. హైఫన్లతో విడదీసిన అక్షరాలను ఖాళీ లేకుండా ఒకే మాటగా కొట్టాలి. అన్నీ చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలు. "డాష్" అంటే అడ్డగీత, "స్లాష్" అంటే కుడివైపు వాలిన గీత. సుడో అంటే ఎస్-యూ-డీ-ఓ. అది ఉన్నచోట పాస్‌వర్డ్ అడుగుతుంది, టైప్ చేస్తుంటే చుక్కలు కూడా కనపడకపోవచ్చు. కంగారు పడక పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.

డ్రైవ్ తీసేసి, టెర్మినల్‌లో ఇది కొట్టండి:

సుడో డీ-ఎం-ఈ-ఎస్-జీ డాష్ డబ్ల్యూ

డాష్‌కూ డబ్ల్యూకూ మధ్య ఖాళీ ఉండదు, డాష్‌కు ముందు ఉంటుంది. పాత వరసలు గబగబా వచ్చి ఆగుతాయి. ఇప్పుడు డ్రైవ్ తగిలించి కిందికి కొత్తగా ఏం వస్తుందో చూడండి. ఆరోగ్యంగా ఉంటే మొదట "న్యూ హై-స్పీడ్ యూఎస్‌బీ డివైస్" అని, తర్వాత "యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డివైస్ డిటెక్టెడ్" అని, కొద్ది సెకన్లకు సీడీ-రామ్ అనే మాట, చివరికి ఎస్‌ఆర్0 అని లినక్స్ డ్రైవ్‌కు పెట్టే పేరు వస్తాయి. ఎస్‌ఆర్0 వచ్చిందంటే లినక్స్ తన వంతు పని చేసేసినట్టే.

రాకపోతే ఏం వచ్చిందో చదవండి. అసలు కొత్త వరసే లేకపోతే వైరు, పోర్టు, లేదా డ్రైవ్ బోర్డు. "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్" అంటూ చివర "ఎర్రర్ మైనస్ 71" ఉంటే మాట సరిగా అందడం లేదని, మైనస్ 110 ఉంటే ఎదురుచూసినా జవాబు రాలేదని. రెండింటికీ మందు ఒకటే: వేరే వైరు, వేరే పోర్టు, పవర్డ్ హబ్. డిస్కు పెట్టినప్పుడల్లా "యూఎస్‌బీ డిస్‌కనెక్ట్", వెంటనే మళ్లీ "న్యూ డివైస్" అని వస్తుంటే అది నూటికి తొంభై పాళ్లు కరెంటే. పై భాగానికి తిరిగి వెళ్లండి. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఈ పరుగు ఆగుతుంది.

ఇంకో చిన్న కమాండ్, ఎల్-ఎస్-బీ-ఎల్-కే. ఇది డిస్కులన్నింటినీ చెట్టులా చూపుతుంది. అందులో ఎస్‌ఆర్0 వరసలో "రామ్" (ఆర్-ఓ-ఎం) అని ఉంటుంది. సైజు దగ్గర 1024ఎం అని గుండ్రంగా ఉంటే సాధారణంగా లోపల డిస్కు లేదని, లేదా ఉన్నా డ్రైవ్ చదవలేకపోయిందని అర్థం. సీడీకి ఆరేడు వందల ఎం, డీవీడీకి 4.3జీ లాంటి అంకె వస్తే డిస్కు అందింది. టెర్మినల్ ఇష్టం లేకపోతే మెనూలో "డిస్క్స్" అనే అప్లికేషన్ తెరవండి, ఎడమవైపు వరసలో డ్రైవ్ పేరు, దాన్ని నొక్కితే కుడివైపు "నో మీడియా" అనో డిస్కు పేరో కనపడుతుంది. డ్రైవ్ పేరు మీద కొన్న కంపెనీ కాకుండా వేరే పేరు ఉంటే మోసపోయామనుకోకండి, లోపలి భాగం తయారుచేసినవాళ్ల పేరు అలా కనపడుతుంది.

ఇక్కడే ఒక మినహాయింపు: యాపిల్ వాళ్ల సూపర్‌డ్రైవ్. అది మ్యాక్ కాని కంప్యూటర్‌కు తగిలిస్తే కనపడుతుంది కానీ డిస్కును లోపలికి తీసుకోదు. ప్రతిసారీ ఒక ప్రత్యేక సంకేతం పంపాలి. మొదటిసారి డ్రైవ్ కొనేవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికినా దాని జోలికి పోకపోవడం మంచిది.

ఏ డిస్కో చూడండి

మన ఇళ్లలో అన్నింటినీ సీడీలనే అంటాం, ఇంకా పెద్దవాళ్లయితే క్యాసెట్టు అంటారు. కంప్యూటర్‌కు మాత్రం అవి మూడు నాలుగు జాతులు. ఫైల్ మేనేజర్‌లో డిస్కు తెరిచి ఫోల్డర్ల పేర్లు చూస్తే తెలిసిపోతుంది. వీడియో-టీఎస్ అనే ఫోల్డర్ ఉంటే డీవీడీ. ఎంపెగ్-ఏవీ, వీసీడీ, సెగ్మెంట్, ఈఎక్స్‌టీ అని ఉంటే వీసీడీ. ఫోల్డర్లే లేకుండా ట్రాక్ 1, ట్రాక్ 2 అని వస్తే ఆడియో సీడీ. దానికి ఫైల్ సిస్టమ్ ఉండదు, మౌంట్ చేయబోతే, అంటే ఫోల్డర్‌లా తెరవబోతే, లోపం చూపడం సహజం. సౌండ్ జ్యూసర్ గానీ అసండర్ గానీ వేసుకుంటే పాటలు ఫైళ్లుగా దిగుతాయి.

2003 పెళ్లి అన్నారు కాబట్టి మీ మూడూ వీసీడీలే అయి ఉంటాయి. ఒక్కో సీడీలో గంటా పదిహేను నిమిషాలు పట్టేది, అందుకే పెళ్లి రెండు మూడు సీడీలకు సాగింది. పెళ్లికూతుర్ని చేయడం ఒకదాంట్లో, తలంబ్రాలు ఇంకోదాంట్లో.

ఇప్పుడు ఆ ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ ఎందుకో చెబుతాను. సీడీ మీద మామూలు ఫైళ్లు 2048 బైట్ల ముక్కలుగా ఉంటాయి, ప్రతి ముక్క వెంట గీతలు పడితే సరిదిద్దుకోవడానికి అదనపు సమాచారం ఉంటుంది. వీసీడీలో సినిమా భాగానికి ఆ అదనపు సమాచారం తీసేసి, ఆ చోటులో కూడా బొమ్మే నింపారు. ముక్కకు 2324 బైట్లు. ఒకే సీడీలో ఎక్కువ నిడివి పట్టడానికి చేసిన ఏర్పాటు అది. లినక్స్‌లో ఫైల్ మేనేజర్ ఆ ఏవీఎస్‌ఈక్యూ01 డాట్ డీఏటీ అనే ఫైలును 2048 లెక్కన చదవబోయి ఆగిపోతుంది. విండోస్‌లో అదే ఫైలు కాపీ అవుతుంది కాబట్టి లినక్స్ చేతకానిదని చాలామంది తీర్మానించేస్తారు. సీడీ చెడలేదు, లినక్స్ చెడలేదు, చదివే దారి వేరు, అంతే.

చూడటానికే అయితే వీఎల్‌సీ చాలు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వీఎల్‌సీ రెండు రకాలుగా కనపడితే ఫ్లాట్‌ప్యాక్ కాకుండా "సిస్టమ్ ప్యాకేజ్" ఎంచుకోండి, డ్రైవ్‌ను తాకే అనుమతుల తలనొప్పి ఉండదు. ఉబుంటు వాడేవాళ్లు స్నాప్ రకం వీఎల్‌సీ విషయంలోనూ ఇదే పాటించాలి. వీఎల్‌సీలో మీడియా మెనూ, ఓపెన్ డిస్క్, అందులో "ఎస్‌వీసీడీ/వీసీడీ" గుర్తు పెట్టి, డివైస్ దగ్గర స్లాష్ డెవ్ (డీ-ఈ-వీ) స్లాష్ ఎస్-ఆర్-0 ఉందో లేదో చూసి ప్లే నొక్కండి. చివరిది సున్నా, ఓ అక్షరం కాదు.

హార్డ్ డిస్కులోకి దించుకోవాలంటే మెనూలో సినాప్టిక్ అనే ప్యాకేజీ మేనేజర్ తెరిచి "వీసీడీఇమేజర్" అనే ప్యాకేజీ వేసుకోండి. దాంతో వీసీడీ-ఎక్స్-రిప్ అనే కమాండ్ వస్తుంది. ముందుగా పెళ్లి1 అని ఒక ఫోల్డర్ చేసుకుని, ఆ ఫోల్డర్ లోపల రైట్ క్లిక్ చేసి టెర్మినల్ తెరిచి ఇలా కొట్టండి:

వీ-సీ-డీ-ఎక్స్-ఆర్-ఐ-పీ, ఖాళీ, డాష్ డాష్ ప్రోగ్రెస్, ఖాళీ, డాష్ డాష్ సీడీరామ్ డాష్ డివైస్, ఈక్వల్ గుర్తు, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్-ఆర్-0

ఖాళీ అని చెప్పిన రెండు చోట్ల తప్ప ఎక్కడా ఖాళీ రాకూడదు. సీడీరామ్ అంటే సీ-డీ-ఆర్-ఓ-ఎం. పూర్తయ్యాక ఫోల్డర్‌లో ఏవీఎస్‌ఈక్యూ01 డాట్ ఎంపీజీ అనే ఫైలు ఉంటుంది. అది ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. రెండో సీడీకి వేరే ఫోల్డర్ తప్పనిసరి, ఫైలు పేరు అదే వస్తుంది కాబట్టి మొదటిది చెరిగిపోవచ్చు.

గీతలున్న సీడీ దగ్గర ఇది మధ్యలో మానుకుంటే ఎంప్లేయర్ ప్యాకేజీ వేసుకుని ఇంకో దారి పట్టండి: ఎం-ప్లేయర్, ఖాళీ, వీ-సీ-డీ, కోలన్, రెండు స్లాష్‌లు, 2, ఖాళీ, డాష్ డంప్‌స్ట్రీమ్, ఖాళీ, డాష్ డంప్‌ఫైల్, ఖాళీ, మీరు పెట్టుకునే ఫైలు పేరు డాట్ ఎంపీజీ. అక్కడ 2 ఎందుకంటే వీసీడీలో మొదటి ట్రాక్ ఫైళ్ల పట్టిక, సినిమా రెండో ట్రాక్ నుంచి మొదలవుతుంది. మూడో ట్రాక్ కూడా ఉంటే 3 పెట్టి మళ్లీ నడపాలి. గీత పడినచోట బొమ్మ గళ్లుగళ్లుగా వస్తుంది. సరిదిద్దే సమాచారమే లేని చోట దానికి మందు లేదు.

కొందరు ఫొటో స్టూడియోలవాళ్లు పెళ్లిని మామూలు డేటా సీడీలాగా రాసి ఇచ్చారు. అప్పుడు ఫైలు మామూలుగానే కాపీ అవుతుంది. ముందు ఒకసారి కాపీ చేసి చూడటంలో నష్టం లేదు.

ఓణీల ఫంక్షన్ డీవీడీ

ఇది తేలిక. స్టూడియో రాసిచ్చిన డీవీడీకి కాపీ చేయనివ్వని తాళం ఉండదు. వీడియో-టీఎస్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవచ్చు, లేదా డిస్క్స్ అప్లికేషన్‌లో డ్రైవ్ ఎంచుకుని పైనున్న మూడు చుక్కల మెనూలో "క్రియేట్ డిస్క్ ఇమేజ్" నొక్కితే డీవీడీ మొత్తం ఒక ఐఎస్‌ఓ ఫైలుగా దిగుతుంది. మామూలు డీవీడీ 4.7 జీబీ, రెండు పొరలదైతే 8.5. అంత ఖాళీ ఉందో లేదో ముందు చూసుకోండి.

కాపీ మధ్యలో మొరాయిస్తే ఫైల్ మేనేజర్‌తో మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. ప్రతిసారీ మొదటినుంచి చదువుతుంది, చెడిన చోట గింజుకుంటుంది, డ్రైవ్ వేడెక్కుతుంది. ఈ పనికి పుట్టినది డీడీ-రెస్క్యూ. సినాప్టిక్‌లో దాని పేరు ముందు జీ చేర్చి జీ-డీ-డీ-రెస్క్యూ అని ఉంటుంది, కమాండ్‌లో జీ ఉండదు. మొదటి విడత:

డీ-డీ-రెస్క్యూ, ఖాళీ, డాష్ ఎన్, ఖాళీ, డాష్ బీ, ఖాళీ, 2048, ఖాళీ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్-ఆర్-0, ఖాళీ, ఓణీ డాట్ ఐఎస్‌ఓ, ఖాళీ, ఓణీ డాట్ మ్యాప్

ఓణీ అన్నచోట మీకు నచ్చిన పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోండి, ఖాళీలు లేకుండా. ఈ విడతలో బాగున్న భాగమంతా గబగబా తీసుకుని, మొరాయించిన చోట్లను ఎక్కువసేపు పట్టుకోకుండా మ్యాప్ ఫైలులో గుర్తు రాసుకుని ముందుకు పోతుంది. రెండో విడతలో డాష్ ఎన్ బదులు డాష్ డీ, ఖాళీ, డాష్ ఆర్3 పెట్టి మిగతాదంతా అలాగే కొట్టండి. ఇప్పుడు వదిలేసిన చోట్లనే మూడేసి సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది.

మ్యాప్ ఫైలును పారేయకండి, మొత్తం తెలివి అందులోనే ఉంది. మధ్యలో కరెంటు పోయినా అదే కమాండ్ మళ్లీ కొడితే ఆగినచోటు నుంచి సాగుతుంది. అంతకన్నా గొప్ప సంగతి, మీ డ్రైవ్ చదవలేని చోటును ఇంకో డ్రైవ్ చదవొచ్చు. పక్కింటివాళ్ల డ్రైవో పాత డెస్క్‌టాప్‌లోని డ్రైవో తెచ్చి అవే ఐఎస్‌ఓ, మ్యాప్ ఫైళ్లతో అదే కమాండ్ నడిపితే మిగిలిన చిల్లులను మాత్రమే పూరిస్తుంది. లేజర్ బలం ఒక్కో డ్రైవ్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇది చాలాసార్లు ఫలిస్తుంది. వీసీడీకి మాత్రం డీడీ-రెస్క్యూ పనికిరాదు, పైన చెప్పిన కారణమే.

వేగం తగ్గించడం కూడా పనిచేస్తుంది. ఈజెక్ట్, ఖాళీ, డాష్ ఎక్స్, ఖాళీ, 4, ఖాళీ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్-ఆర్-0 అని కొడితే డ్రైవ్ నాలుగు రెట్ల వేగానికి దిగుతుంది. అన్ని డ్రైవ్‌లూ మాట వినవు. విన్నవి వంకరపోయిన డిస్కుల్ని మెరుగ్గా చదువుతాయి, కరెంటు కూడా తక్కువ లాగుతాయి.

డిస్కును శుభ్రం చేయడం

మన తేమకు డిస్కుల మీద తెల్లటి చుక్కల బూజు పట్టడం మామూలే, ముఖ్యంగా ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌లో పెట్టి బీరువా అడుగున వదిలేసినవాటికి. మెత్తటి పాత నూలుగుడ్డ తడిపి, మధ్య చిల్లు దగ్గరనుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవకూడదు. అడ్డంగా పడిన గీతను డ్రైవ్ దాటేస్తుంది, ట్రాక్ వెంబడే సాగిన గీత వరసగా చాలా సమాచారాన్ని మింగేస్తుంది. బూజు వదలకపోతే ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం, ఆ తర్వాత మంచినీళ్లు, నీడలో ఆరబెట్టడం. 2022 జూలై వరదలో లంకల్లో నీళ్లు చేరిన ఇళ్లలాంటి చోట బురద పట్టిన డిస్కులకూ ఇదే. ముందు ధారగా నీళ్లు పోసి బురద వదిలించాలి. పొడిగా రుద్దితే ఇసుక రేణువులే గీస్తాయి.

సీడీలో జాగ్రత్తగా చూసుకోవాల్సింది మెరిసే వైపు కన్నా పేరు రాసిన వైపు. సమాచారం ఉన్న పొర ఆ లేబుల్ కిందే సన్నటి లక్క పూత అడుగున ఉంటుంది. స్టూడియోవాళ్లు అంటించిన ఫొటో స్టిక్కరు తేమకు అంచున లేస్తుంటే పీకకండి, వెండిపొర దాంతోపాటే ఊడి వస్తుంది. డిస్కును దీపం ముందు పట్టి చూస్తే వెలుతురు కనపడే చిల్లులు ఉంటే అక్కడి బొమ్మ పోయినట్టే. లేచిన స్టిక్కరుతో డిస్కు బరువు ఒకపక్కకు ఒరిగి డ్రైవ్ అదురుతుంది. అంచును వేలితో నొక్కి అతికించి, తక్కువ వేగంలో ఒకే ఒక్కసారి చదివించి పని ముగించండి. డీవీడీలో సమాచారం రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

ఏసీ గదిలోంచి డ్రైవ్‌ను తెచ్చి ఉక్కపోతగా ఉన్న హాల్లో వెంటనే పెడితే లేజర్ అద్దం మీద నీటి ఆవిరి పడుతుంది, ఏ డిస్కూ రాదు. గంటసేపు ఊరికే ఉంచితే తనంతట తానే సర్దుకుంటుంది.

మిగతావి

ట్రే తెరుచుకోకపోతే డిస్కు వాడుకలో ఉందని డ్రైవ్ తాళం వేసుకుంది. ఆ ఫోల్డర్ కిటికీలన్నీ మూసి, ఫైల్ మేనేజర్‌లో డిస్కు పేరు పక్కన ఉన్న ఈజెక్ట్ గుర్తు నొక్కండి. అప్పటికీ రాకపోతే యూఎస్‌బీ వైరు పీకి, ముందున్న సూది చిల్లులో తిన్నగా చేసిన పేపర్ క్లిప్పు గుచ్చితే బయటికొస్తుంది. తిరుగుతుండగా గుచ్చకండి.

షాపుల్లో కొన్న సినిమా డీవీడీ ఆడకపోతే అది తాళం సంగతి. లిబ్‌డీవీడీ డాష్ పీకేజీ అనే ప్యాకేజీ వేసి, సుడో డీ-పీ-కే-జీ డాష్ రీకాన్ఫిగర్ తర్వాత అదే ప్యాకేజీ పేరు కొట్టాలి (ఈ రెండు డాష్‌లకూ అటూ ఇటూ ఖాళీ ఉండదు), నెట్ ఉండాలి. ఎక్కడైనా రీజియన్ (డిస్కు ఏ దేశాల కోసం చేశారో చెప్పే అంకె) గురించి అడిగితే మనది 5. డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవడానికి మొత్తం అయిదు అవకాశాలే ఉంటాయి, ఆ తర్వాత శాశ్వతం. సరదాకు మార్చకండి.

చివరగా దించుకున్నవాటిని టీవీలో చూసే సంగతి. ఐఎస్‌ఓ ఫైలును టీవీలు ఎక్కువగా ఆడించవు. హ్యాండ్‌బ్రేక్ అనే అప్లికేషన్‌లో ఐఎస్‌ఓ గానీ ఎంపీజీ గానీ తెరిచి ఎంపీ4గా మార్చుకోండి. డీవీడీకి ఫిల్టర్ల దగ్గర డీఇంటర్లేస్ పెట్టండి, లేకపోతే చెయ్యి కదిలినచోటల్లా దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. వీసీడీకి అది అక్కర్లేదు. వీసీడీ బొమ్మ సైజు 352 అడ్డం, 288 నిలువు. దాన్ని పెద్ద టీవీ నిండా సాగదీస్తే పెళ్లికూతురు లావెక్కుతుంది తప్ప బొమ్మ మెరుగవ్వదు, 4:3 గానే ఉంచండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎంపీ4 అంతకన్నా పెద్దదైతే హ్యాండ్‌బ్రేక్‌లో చాప్టర్ల వారీగా రెండు భాగాలు చేయడం నయం. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కు మార్చితే కొన్ని పాత టీవీలు ఆ పెన్‌డ్రైవ్‌నే చూడవు. అసలు ఎంపీజీ, ఐఎస్‌ఓ, మ్యాప్ ఫైళ్లను మాత్రం చెరపకుండా ఇంకో హార్డ్ డిస్కులో వేరుగా దాచండి. ఎంపీ4 ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు, ఆ సీడీ ఇంకో వానాకాలం తర్వాత చదవడానికి వస్తుందో రాదో చెప్పలేం.